అస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి: ఏం చూడాలి, ఏం అడగాలి

మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే దారిలో, అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక నల్లరాతి స్తంభం ఉంది. ఎత్తు సుమారు 7 మీటర్లు, అంటే 23 అడుగులు. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని మీద రోమన్ లిపిలో జె, ఆర్ అని రెండక్షరాలు చెక్కి ఉంటాయి. రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి పద్ధతి పటాలాలను నిలబెట్టిన మిషెల్ జోయాకిమ్ మరీ రేమండ్ సమాధి అది. ఆయన 1798 మార్చి 25న, 42 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ తర్వాత ఏడు నెలలు తిరక్కుండానే ఆయన పెంచిన సైన్యం ఒక్క తూటా పేలకుండా ఆయుధాలు కింద పెట్టింది.

ఈ సమాధి చుట్టూ రెండు కథలు తిరుగుతుంటాయి. నిజాంకు ప్రాణమిచ్చిన విశ్వాసపాత్రుడు, హిందువులూ ముస్లింలూ కొలిచిన మహానుభావుడు అనేది ఒకటి. ఆంగ్లేయుల మీద కసితో దక్కన్‌లో ఫ్రాన్సు జెండా పాతడానికి వచ్చిన కిరాయి సేనాని అనేది రెండోది. చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ రెంటిలో ఏదో ఒకటి ముందే నమ్మి వెళతారు. అక్కడి రాయి ఏ పక్షానా సాక్ష్యం చెప్పదు. నిజానికి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ సైన్యానికి జీతం ఎక్కడి నుంచి వచ్చేది, అది ఎప్పుడు ఆగింది, ఆగినప్పుడు సిపాయిలు ఏం చేశారు? ఈ మూడింటికీ చరిత్రలో జవాబులు దొరుకుతాయి. అవి తెలుసుకుని గుట్టెక్కితే రేమండ్ గొప్పవాడా, కాదా అన్న వాదులాట కన్నా పెద్ద సంగతి కళ్ల ముందుకొస్తుంది.

చేరుకోవడం ఎలా

మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో మార్గంలో ముసారాంబాగ్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవడం మేలు. ‘ముసారాంబాగ్’ అని మాత్రమే చెబితే అంబర్‌పేట వెళ్లే మూసీ వంతెన వైపు తీసుకుపోయే అవకాశం ఉంది. సమాధి ఆ వైపు లేదు. ‘అస్మాన్‌గఢ్, టీవీ టవర్ దగ్గర, రేమండ్ సమాధి’ అని మూడు గుర్తులూ కలిపి చెప్పాలి. ఉత్త ‘రేమండ్’ అంటే బట్టల షాపు దగ్గర దింపినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎక్కువమంది పొరబడే చోటు ఇంకొకటి ఉంది. ఆ ప్రాంతంలోనే గుట్ట మీద యూరప్ కోటలా కనిపించే అస్మాన్‌గఢ్ ప్యాలెస్ ఉంది. దాన్ని ‘పైగా’ అనే ప్రభువుల వంశానికి చెందిన సర్ అస్మాన్ జా 1885లో కట్టించాడు. రేమండ్ చనిపోయిన 87 ఏళ్లకు వెలిసిన భవనం అది, రేమండ్‌తో ఏ సంబంధమూ లేదు. అందులో ఇప్పుడు పాఠశాల నడుస్తోంది కాబట్టి లోపలికి వెళ్లి చూడొచ్చని అనుకుని బయల్దేరవద్దు. రెండు కట్టడాలూ ఒకే జనరల్‌వి అని చెప్పేవాళ్లు దారిలో తగలవచ్చు, ఆ మాట పట్టించుకోవద్దు.

వేసవిలో వెళితే ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక వెళ్లాలి. నల్లరాయి ఎండను పీల్చుకుని సాయంత్రం దాకా సెగ కక్కుతుంది. చదును మీద నీడ తక్కువ. నీళ్ల సీసా తప్పనిసరి. వానాకాలంలో ఇబ్బంది వేరు: పాత రాతిబండల మీద నాచు పడుతుంది, నున్నటి చెప్పులు జారుతాయి. గచ్చు పెచ్చులూడిన చోట అంచుల మీద కాలు మోపవద్దు, పైకి గట్టిగా కనిపించినా కింద డొల్ల ఉండొచ్చు.

రెండక్షరాలు ఎలా చదవాలి

రాతి మీది అక్షరాలు ఎండ తిన్నగా పడినప్పుడు సరిగా కనిపించవు. వెలుగు ఎదురుగా పడితే చెక్కిన గాడి, చుట్టుపక్కల రాయి ఒకే రంగులో కలిసిపోతాయి. వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడినప్పుడే గాడి అంచున సన్నటి నీడగీత పుట్టి అక్షరం లేచి కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఏ వైపు వెలుగు వాలుగా పడుతోందో చూసి అక్కడ ఆగాలి. మబ్బు పట్టిన రోజైతే ఫోన్ టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్క నుంచి వేస్తే అదే పని జరుగుతుంది. ఫొటో కూడా అలాగే తీయాలి, ఫ్లాష్ వేస్తే అక్షరం మాయమవుతుంది.

చాక్‌పీసుతో గాడి నింపి ఫొటో తీసే అలవాటు కొందరికి ఉంది. అది చేయకూడదు. గ్రానైట్ గట్టిదే, కానీ దాని పైపొరలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. సుద్దపొడి వాటిలో ఇరుక్కుని, వాన పడ్డాక తెల్లటి మరకగా మిగులుతుంది. నూనె, కుంకుమ, పసుపు సంగతీ అంతే. నూనె పడిన చోట దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంటుంది, దాన్ని తీయడానికి వాడే రసాయనం రాతిని ఇంకా పాడుచేస్తుంది.

అక్షరాలు చూశాక ఒక విషయం గమనించాలి. మొదటి పేరు మిషెల్ అయినా రాతి మీద ఉన్నది జోయాకిమ్ తాలూకు అక్షరం. నిజాం ఇచ్చిన ‘అజ్దర్ జంగ్’ బిరుదుకు, గెలిచిన ఓడిన యుద్ధాల పేర్లకు ఆ రెండక్షరాల్లో చోటు లేదు. సైనికాధికారి సమాధి మీద ఇంత తక్కువ రాత అరుదు. తర్వాతి తరాలు ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పుకోవడానికి ఈ ఖాళీ కూడా ఒక కారణమే.

300 మంది నుంచి

రేమండ్ 1755లో ఫ్రాన్సు నైరుతి ప్రాంతమైన గాస్కనీలో పుట్టాడు. 1775లో పుదుచ్చేరి వచ్చింది సైనికుడిగా కాదు, సరుకులమ్మే వర్తకుడిగా. ఆ తర్వాతే కత్తి పట్టాడు. కొంతకాలం హైదర్ అలీ తరఫున ఉన్న ఫ్రెంచి దళంలో పనిచేశాడు. 1783లో బుస్సీ రెండోసారి భారతదేశం వచ్చినప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా చేరాడు. ఈ బుస్సీ తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు, 1757 బొబ్బిలి యుద్ధంలో కోటను ఫిరంగులతో కొట్టించిన బుస్సీయే. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయాక రేమండ్ నిజాం కొలువుకు వచ్చాడు.

మొదట్లో ఆయన కింద ఉన్నది 300 మంది. వాళ్లకు సొంత తుపాకులు కూడా లేవు. ఒక్కో తుపాకీకి నెలకు ఎనిమిది అణాలు అద్దె కట్టి తెచ్చుకున్నారు. పదేళ్లలో ఆ దళం ఎన్నో రెట్లు పెరిగింది. చివరి దశలో దాని బలం 11 వేల నుంచి 15 వేల దాకా వేర్వేరు పుస్తకాల్లో కనిపిస్తుంది. ఈ తేడా చూసి ఎవరో అబద్ధం చెప్పారని అనుకోనక్కర్లేదు. ఏ ఏడాది లెక్క, గుర్రపు దళాన్నీ ఫిరంగి దళాన్నీ కలిపారా లేదా, ఊళ్లలో శిస్తు వసూళ్లకు పంపినవాళ్లను లెక్కించారా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఇంతమందిని పోషించింది మెదక్ ప్రాంతపు శిస్తు. ఆ ఆదాయాన్ని సైన్యం జీతాల కింద రేమండ్‌కు అప్పగించారు. ఇది ముఖ్యమైన సంగతి. ఖజానా నుంచి నెలనెలా డబ్బు తెచ్చుకునే సేనాని దివాను దయ మీద బతుకుతాడు. భూమి ఆదాయం చేతిలో ఉన్న సేనాని మాత్రం దర్బారులో సొంత బలం ఉన్నవాడవుతాడు. రేమండ్ మీద దర్బారులో పెరిగిన అసూయకైనా, ఆంగ్లేయులకు పుట్టిన భయానికైనా మూలం ఇక్కడే ఉంది. దానికి తోడు నగరంలోనే ఫిరంగులు పోతపోసే కార్ఖానా నడిచింది. 1786 నాటి ఆ ‘తోప్ కా సాంచా’ శిథిలం ఫతేమైదాన్ దగ్గర ఇప్పటికీ ఉంది, గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు దాని నుంచి వచ్చిందే. జీతానికి భూమి, ఆయుధానికి సొంత కొలిమి రెండూ అమరిన తర్వాత రేమండ్ దళం అద్దె తుపాకుల దళంగా మిగల్లేదు.

ఖర్దా

1795 మార్చిలో మరాఠాల మీద ఖర్దా దగ్గర జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయాడు. ఖర్దా ఇప్పటి మహారాష్ట్రలో ఉంది. అవతలి పక్షాన మరాఠా నాయకుడు సింధియా కొలువులోని పెరాన్ అనే మరో ఫ్రెంచి అధికారి ఉన్నాడు. ఫ్రెంచివాళ్లు శిక్షణ ఇచ్చిన పటాలాలే రెండువైపులా ఎదురెదురుగా నిలిచి కాల్చుకున్నాయన్నమాట. ‘ఫ్రాన్సు కోసం పోరాడిన రేమండ్’ అన్న కథకు ఈ ఒక్క సంగతే గట్టి అడ్డు.

ఆ రోజు రేమండ్ పటాలాలు నిలదొక్కుకున్నాయనే విషయంలో పెద్దగా వివాదం లేదు. నిజాం స్వయంగా వెనక్కి తగ్గి ఖర్దా కోటలో చేరడంతో చీకట్లో మిగతా సైన్యం చెదిరిపోయింది. అంతఃపుర స్త్రీలు భయపడి ఒత్తిడి చేయడం వల్లే నిజాం వెనక్కి తగ్గాడన్న కథనం పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఓటమికి ఆడవాళ్ల మీద నెపం వేయడం ఆ కాలపు రాతల్లో మామూలే కాబట్టి దాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. ఏమైనా, ముట్టడిలో నీళ్లకు కటకటలాడి నిజాం సంధికి ఒప్పుకున్నాడు. దౌలతాబాద్‌తో సహా భూభాగం వదులుకోవడం, మూడు కోట్ల రూపాయల పరిహారం, దివాను అరస్తూ జాను పుణెకు బందీగా పంపడం ఆ సంధి షరతులు.

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఈ యుద్ధంలో సాయం చేయలేదు. గవర్నర్ జనరల్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. కోపగించిన నిజాం హైదరాబాద్‌లో ఉన్న కంపెనీ పటాలాలను పంపేసి రేమండ్ దళాన్ని పెంచాడు. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తిరగబడితే అణచింది రేమండే. పట్టుబడిన యువరాజు హైదరాబాద్ చేరకముందే ప్రాణాలు తీసుకున్నాడు. ఆ తిరుగుబాటు భయంతోనే నిజాం కంపెనీ పటాలాలను మళ్లీ పిలిపించుకున్నాడు. 1797లో పుణె నుంచి తిరిగొచ్చిన అరస్తూ జా ఆంగ్లేయుల స్నేహమే దిక్కని నిర్ణయించుకున్న మనిషి. రేమండ్ బలాన్ని తగ్గించడం ఆయనకు రాజకీయ అవసరం.

మరణం మీద మూడు మాటలు

ఇలాంటి సమయంలో రేమండ్ హఠాత్తుగా చనిపోయాడు. విషం పెట్టారన్నది ఒక మాట. తానే విషం తీసుకున్నాడన్నది రెండోది. జబ్బు చేసి పోయాడన్నది మూడోది. సమాధి దగ్గర ఎవరిని అడిగినా మొదటి మాటే గట్టిగా వినిపిస్తుంది.

విషప్రయోగం కథకు ప్రధాన బలం సమయం. కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1798 ఏప్రిల్ చివర మద్రాసులో దిగాడు, రేమండ్ మరణానికి దాదాపు నెల తర్వాత. దర్బారులో అరస్తూ జాకు రేమండ్ అడ్డు. కారణం ఉంది, అవకాశమూ ఉంది. కానీ కారణం ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. మరో లెక్క కూడా చూడాలి. వెల్లస్లీ భారతదేశానికి వచ్చే దారిలో, 1798 ఫిబ్రవరిలోనే, గుడ్ హోప్ అగ్రం దగ్గర విలియం కిర్క్‌పాట్రిక్‌ను కలిశాడు. హైదరాబాద్‌లో అంతకుముందు రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా పనిచేసిన ఈయన నుంచి ఫ్రెంచి దళం గురించి వివరంగా తెలుసుకున్నాడు. ఆ దళాన్ని తీసేయించాలన్న ఆలోచన రేమండ్ బతికుండగానే రూపు దిద్దుకుంది. అంటే రేమండ్ పోకపోయినా ఒత్తిడి వచ్చేదే. ఆయన మరణం పనిని సులువు చేసింది నిజం, ఆ పనిని పుట్టించింది మాత్రం కాదు.

సరైన తీర్పు చెప్పే ఆధారం లేనప్పుడు మూడింటినీ మూడు మాటలుగానే చెప్పడం న్యాయం. పిల్లలను తీసుకెళ్లేవాళ్లు ముఖ్యంగా ఇది పాటించాలి. ‘ఇంగ్లిష్‌వాళ్లు విషం పెట్టి చంపారు’ అని ఒకసారి చెబితే అది వాళ్లకు పాఠంలా ఉండిపోతుంది.

1798 అక్టోబర్ 22

రేమండ్ తర్వాత పిరాన్ అనే అధికారి దళాన్ని చేపట్టాడు. దర్బారులో రేమండ్‌కు ఉన్న పట్టు ఇతనికి లేదు. సెప్టెంబర్ 1న నిజాంకూ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, విలియం తమ్ముడు. ఆరు పటాలాల కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో ఉంటుంది, దాని ఖర్చు ఏటా 24,17,100 రూపాయలు నిజాం కట్టాలి, ఫ్రెంచి అధికారులను తొలగించాలి. తొలగించే ఉత్తర్వు ఇవ్వడానికి నిజాం చాలా తటపటాయించాడు. కిర్క్‌పాట్రిక్ బెదిరింపు దాకా వెళ్లాకే ఉత్తర్వు వెలువడింది.

ఆ ఉత్తర్వు ఫ్రెంచి కంటోన్మెంటుకు చేరగానే సిపాయిలు తిరగబడ్డారు. కంపెనీ మీద కాదు, తమ సొంత అధికారుల మీద. జీతాల బకాయి ఉంది. అధికారులు వెళ్లిపోతే ఆ బకాయి ఎవరిస్తారన్నది వాళ్ల ప్రశ్న. పిరాన్‌ను, మిగతా ఫ్రెంచి అధికారులను నిర్బంధించారు. మాట్లాడ్డానికి వెళ్లిన జాన్ మాల్కం అనే యువ అధికారిని కూడా చుట్టుముట్టారు. ఒకప్పుడు కంపెనీ పటాలంలో అతని దగ్గర పనిచేసి, తర్వాత ఫ్రెంచి దళంలో చేరిన సిపాయిలు గుర్తుపట్టి అతన్ని బయటికి తెచ్చారు. అక్టోబర్ 22న కంపెనీ సైన్యం ఫిరంగులతో కంటోన్మెంటును చుట్టుముట్టింది. బకాయిలు ఇప్పిస్తామన్న హామీ మీద సిపాయిలు ఆయుధాలు వదిలారు. ఫ్రెంచి అధికారులను కలకత్తా మీదుగా యూరప్ పంపేశారు. మరుసటి ఏడాది టిప్పు మీద యుద్ధానికి శ్రీరంగపట్నం నడిచిన నిజాం పదాతిదళంలో, ఆ రోజు ఆయుధాలు వదిలిన సిపాయిలు కొందరున్నారు. వాళ్ల మీద అధికారి ఎవరో కాదు, ఆ మాల్కమే.

విశ్వాసం, ద్రోహం అన్న రెండు గంపల్లో ఈ సిపాయిలు ఇమడరు. వాళ్ల పటాలం ఫ్రెంచి త్రివర్ణ పతాకం ఎగరేసింది. వాళ్ల గుండీల మీద ఫ్రెంచి విప్లవపు స్వేచ్ఛా టోపీ గుర్తు ఉండేది. అయినా నెలల తరబడి జీతం రాని మనిషికి జెండా రంగు అన్నం పెట్టదు. స్మారకం గుట్ట మీద ఉన్న సేనానిది ఒక్కటే. ఆ వేలమంది పేర్లు రాతి మీద ఎక్కడా లేవు.

దీని పర్యవసానం తెలుగు నేలకూ తగిలింది. కంపెనీ సైన్యం ఖర్చు ఏటా డబ్బుగా కట్టడానికి బదులు, 1800 అక్టోబర్ ఒప్పందంతో నిజాం భూమినే ఇచ్చేశాడు. మైసూరు యుద్ధాల్లో వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు అలా కంపెనీకి పోయాయి. దత్తమండలాలు అనిపించుకున్న ఆ నేలకే 1928లో రాయలసీమ అన్న పేరు వచ్చింది. మెదక్ శిస్తుతో నడిచిన ఒక సైన్యాన్ని తీసేసి, మరో సైన్యం జీతం కింద నాలుగు జిల్లాలు ఇవ్వాల్సి వచ్చిందన్నది ఈ కథలో బరువైన భాగం. గైడ్లు దీన్ని వదిలేసి విషం కథ దగ్గరే ఆగిపోతారు.

జ్ఞాపకం ఎలా నిలిచింది

రేమండ్‌ను హిందువులు ముసా రామ్ అని, ముస్లింలు ముసా రహీం అని పిలిచేవారన్న మాట ప్రతిచోటా కనిపిస్తుంది. పేట పేరు ముసారాంబాగ్ కాబట్టి మొదటి సగానికి సాక్ష్యం ఊళ్లోనే ఉంది. అంతకన్నా గట్టి సాక్ష్యం వర్ధంతి. మార్చి 25న సమాధి దగ్గర, దర్గాల్లో చేసే ఉర్సు ఉత్సవంలా జరిపేవారు, ఆ ఆచారం 1940ల దాకా సాగింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏటా ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు పంపేవాడని కూడా చెబుతారు. క్రైస్తవుడైన ఫ్రెంచి సైనికుడికి దర్గా మర్యాద జరగడం దక్కన్ పద్ధతికి తగినదే. కానీ ఈ భక్తిని ఆయన సచ్ఛీలతకు రుజువుగా చూపడం పొరపాటు. జీతాలిచ్చి వేల కుటుంబాలను పోషించిన మనిషిని ఆ కుటుంబాలు తలుచుకోవడం సహజం, దానికి మహిమలు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో విగ్రహాల మీద గొడవ కొత్త కాదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజున ట్యాంక్‌బండ్ మీద పలు విగ్రహాలు నేలకూలాయి. రేమండ్ సమాధి జోలికి అలా ఎవరూ రాలేదు. ముఖం లేని స్తంభం కావడం, జనం దారిలో కాక గుట్ట మీద ఉండడం, ఈ రోజు రాజకీయాల్లో ఎవరికీ పనికిరాకపోవడం ఇందుకు కారణాలు కావచ్చు. దీనికి వచ్చిన ముప్పు మనుషుల కోపం నుంచి కాదు, వాన నుంచి, నిర్లక్ష్యం నుంచి.

కూలిన మండపం

సమాధి దగ్గరి గ్రీకు పద్ధతి స్తంభాల మండపం 2001 అక్టోబర్ భారీ వర్షాలకు కూలిపోయింది. ఇప్పుడు కనిపించేది తర్వాత తిరిగి కట్టింది. ఇది తెలియకుండా వెళ్లినవాళ్లు మండపం స్తంభాలను చూసి 1798 నాటి పనితనమని మెచ్చుకుంటారు. పాతది నల్లరాతి స్తంభం. మండపం ఆకారం పాతదే, ఒళ్లు మాత్రం కొత్తది.

డంగు సున్నంతో కట్టిన ఇలాంటి కట్టడాలు వానకు ఎందుకు కూలుతాయో తెలిస్తే మిగిలినవాటిని కాపాడుకోవచ్చు. మొదట పైకప్పు మీది సున్నపు పొర సన్నగా బీటలిస్తుంది. కాకి వేసిన రావి గింజ ఆ బీటలో మొలుస్తుంది. వేరు లావయ్యేకొద్దీ బీట విప్పుకుని నీళ్లు లోపలికి దిగుతాయి. లోపలి సున్నం ఏళ్ల తరబడి నానుతూ ఆరుతూ పొడిబారి పట్టు వదిలేస్తుంది. అప్పుడు బరువంతా కొన్ని స్తంభాల మీదే పడుతుంది. ఒక పెద్ద వానకు పైకప్పు నీళ్లు తాగి ఇంకా బరువెక్కుతుంది, ఒక్క స్తంభం పక్కకు ఒరిగితే మిగతావి దాన్ని అనుసరిస్తాయి. కూలేది ఒక్క రాత్రిలోనే అయినా దానికి ముందు పాతికేళ్ల పాడు ఉంటుంది.

బీటలను సిమెంటుతో పూడ్చడం మేలు చేయదు. సిమెంటు గట్టిపడి నీటిని బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన తేమ మెత్తటి సున్నాన్నే తింటుంది, ఉప్పు పేరుకుని పెచ్చులు రాలుస్తుంది. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ల ఇసుక కలిపి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోసి గానుగలో నూరి, తడి ఆరకుండా రోజుల తరబడి చూసుకునే పాత పద్ధతే ఇక్కడ సరైనది. రావిమొక్క కనిపిస్తే పీకకూడదు, వేరుతో పాటు రాయి కదులుతుంది. మొదలు కోసి వేరును చంపే మందు పెట్టాలి, అదీ పురావస్తు శాఖ మనుషులే చేయాలి. సందర్శకులు చేయగలిగింది ఒకటుంది: కొత్త బీట కనిపిస్తే పక్కన ఒక స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి, తేదీతో ఫొటో తీసి శాఖకు పంపడం. ఆరు నెలల తర్వాత ఇంకొకరు అదే చోట తీసిన ఫొటోతో పోలిస్తే బీట పెరుగుతోందా లేదా అన్నది తెలుస్తుంది.

ఎత్తు కొలవడం

పాఠశాల పిల్లలతో వెళ్లేవాళ్లకు పనికొచ్చే పని ఇది. ఒక మీటరు కర్ర, దారానికి కట్టిన బరువు, 10 మీటర్ల టేపు చాలు. చదును మీద కర్రను దారం సాయంతో నిటారుగా నిలబెట్టాలి. కర్ర నీడ కూడా సరిగ్గా ఒక మీటరు ఉన్న క్షణంలో స్తంభం నీడ పొడవే స్తంభం ఎత్తు. మార్చి చివరి వారంలో హైదరాబాద్‌లో ఆ క్షణం ఉదయం దాదాపు తొమ్మిదిన్నరకు, మళ్లీ మధ్యాహ్నం మూడుంపావు ప్రాంతంలో వస్తుంది.

అందరూ తప్పు చేసేది టేపు మొదలు పెట్టే చోట. స్తంభం కొన పీఠం అంచుకు పైన ఉండదు, పీఠం నడిమధ్యకు పైన ఉంటుంది. కాబట్టి అంచు నుంచి కొలిచి, దానికి పీఠం వెడల్పులో సగం కలపాలి. రెండు మీటర్ల వెడల్పున్న పీఠమైతే ఇది మరిచిపోవడం వల్ల ఒక మీటరు ఎత్తు తగ్గిపోతుంది. నీడ కొన చదును దాటి కిందికి పడుతుంటే కొలత పనికిరాదు, సూర్యుడు ఇంకాస్త పైకి ఉన్నప్పుడు కొలిచి, స్తంభం నీడను కర్ర నీడతో భాగించాలి. వచ్చిన అంకె 7కు కొంచెం అటూ ఇటూ అయితే పీఠాన్ని కలిపారా లేదా అని ముందు సరిచూసుకోవాలి.

తర్వాత ఎటు వెళ్లాలి

గుట్ట దిగాక ముసారాంబాగ్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడి నుంచి కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ దగ్గరే. రేమండ్ దళం ఆయుధాలు వదిలిన కొన్నేళ్లకు కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనం అది, ఖర్చు భరించింది నిజాం. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది కాబట్టి ముందుగా అనుమతి కనుక్కుని వెళ్లాలి, పరీక్షల రోజుల్లో గేటు దగ్గరే ఆపేస్తారు. సమయం మిగిలితే తోప్ కా సాంచాకు ఆటోలో వెళ్లొచ్చు. అక్కడ ‘గన్‌ఫౌండ్రీ’ అంటే బ్యాంకు దగ్గర దింపుతారు, ఫతేమైదాన్ వైపున్న పాత కట్టడం అని చెప్పాలి. మూడూ ఒకే పూట చూడాలంటే తోప్ కా సాంచాతో మొదలుపెట్టి, రెసిడెన్సీ మీదుగా సాయంత్రానికి గుట్ట చేరేలా పెట్టుకుంటే ఎండ తప్పుతుంది, రాతి మీది అక్షరాలకు కావలసిన వాలు వెలుగూ దొరుకుతుంది.